తెల్ల వెంట్రుకని దాచాలా, కలిపేయాలా?

ఈ కాలమ్‌కి వచ్చే మెసేజ్‌ల్లో మొటిమల తర్వాత స్థానం దేనిదో తెలుసా? తెల్ల వెంట్రుకలది. రాసేవాళ్లలో 40 దాటినవాళ్లు తక్కువ. 24, 26, 28... అంతా ఈ వయసువాళ్లే. ప్రశ్న కూడా ఇంచుమించు ఒకటే. "పాపిడి దగ్గర, చెంపల మీద తెల్లవి కనబడుతున్నాయి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మ నల్ల రంగు వేసేయమంటోంది. ఫ్రెండేమో హైలైట్స్ చేయించుకో, అసలు కనబడవు అంటోంది. నన్నేం చేయమంటారు?"

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. తలలో పది వెంట్రుకలకి రెండు మూడు కంటే తక్కువ తెల్లవి ఉంటే తలంతా నల్ల రంగు జోలికి ఇప్పుడే పోవద్దు. హైలైట్స్ మంచి దారే. అయితే మీ ఫ్రెండ్ చెప్పినట్టు "అసలు కనబడవు" అనేది అబద్ధం. కనబడతాయి. తెల్ల వెంట్రుకల్లా కనబడవు, అంతే. ఈ చిన్న తేడా అర్థం చేసుకోకుండా సెలూన్‌కి వెళ్తే డబ్బులూ పోతాయి, జుట్టూ పోతుంది.

నల్ల రంగు వేసిన మొదటి పది రోజులూ అద్భుతంగా ఉంటుంది. కాదనను. తంటా ఆ తర్వాత. తల వెంట్రుక నెలకి ఒక సెంటీమీటరు, కొందరికి ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. అంటే మూడు వారాలు తిరిగేసరికి కుదుళ్ల దగ్గర 7, 8 మిల్లీమీటర్ల కొత్త జుట్టు వచ్చేస్తుంది. అందులో నల్లది మామూలు నలుపులో, తెల్లది తెల్లగా. కిందంతా సిరా పోసినట్టు ఒకటే నలుపు. ఆ రెండూ కలిసేచోట పాపిడి వెంబడి ఒక గీత పడుతుంది చూశారూ, రంగు వేయకముందు అక్కడక్కడా కనబడిన నాలుగు వెంట్రుకల కన్నా అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. "ఓహో, రంగేస్తుందన్నమాట" అని పక్కసీటు వాళ్లకి చెప్పేది ఆ గీతే. దాంతో మళ్లీ రంగు. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి 17 సార్లు. 26 ఏళ్లకి మొదలుపెడితే 36 వచ్చేసరికి 170 సార్లు దాటుతుంది. మధ్యలో పండగలు, పెళ్లిళ్లు, ఆఫీసు ఫంక్షన్లు వస్తే అదనం.

సమీరా రెడ్డి గుర్తుందా? 'జై చిరంజీవ', 'అశోక్' సినిమాల్లో హీరోయిన్. తెల్ల జుట్టు దాచకుండా తీసుకున్న ఫొటో పెట్టి 2021లో ఆమె ఒక పోస్టు రాసింది. ఒకప్పుడు రెండు వారాలకోసారి రంగు వేసుకునేదాన్నని, ఆ తెల్ల గీత ఎవరి కంటా పడకూడదనే అలా చేసేదాన్నని అందులో చెప్పుకొచ్చింది. సినిమావాళ్లకే ఆ గీతతో వేగలేక విసుగొచ్చిందంటే, నెల జీతం మీద బతికేవాళ్ల సంగతి చెప్పేదేముంది!

హైలైట్స్ చేసే పనల్లా ఈ గీతని పలచన చేయడం. తలంతా ఒకే రంగు పులమకుండా, నలుపు మధ్యలో సన్నటి పాయలు కొన్నింటిని ముదురు గోధుమ రంగులోకి, కొన్నింటిని ఇంకాస్త లేతగా మారుస్తారు. అప్పుడు తెల్ల వెంట్రుకకి పక్కన నల్లది మాత్రమే ఉండదు, గోధుమ రంగుదీ ఉంటుంది. కంటికి ఆ తేడా తగ్గుతుంది. రేపు కుదుళ్ల నుంచి ఇంకో నాలుగు తెల్లవి వచ్చినా, ఉన్న పది రకాల పాయల్లో అవీ కలిసిపోతాయి. ఎక్కడ రంగు ఆగింది, ఎక్కడ అసలు జుట్టు మొదలైంది అని వెతికితే గానీ దొరకదు. అందుకే మూడు వారాలకోసారి పరిగెత్తక్కర్లేదు. బాగా చేసిన హైలైట్స్ అయితే మూడు నాలుగు నెలలు నడుస్తాయి. ఏడాదికి 17 సార్లు ఎక్కడ, మూడు నాలుగు సార్లు ఎక్కడ!

ఒక్కసారికి అయ్యే ఖర్చు మాత్రం ఎక్కువే. రంగు ప్యాకెట్ పదుల్లో, వందల్లో వస్తే, హైలైట్స్ బిల్లు వేలల్లో ఉంటుంది. మూడు నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవాలి. ఏడాది మొత్తం లెక్క వేసినా ఇంట్లో వేసుకునే రంగే చవక. ఇక్కడ మిగిలేది టైము, తప్పేది ప్రతి మూడో ఆదివారం అద్దం ముందు పడే టెన్షన్. అది ఎంత విలువ చేస్తుందో ఎవరికి వాళ్లే చూసుకోవాలి.

ఇప్పుడు రీల్స్ సంగతి. 'గ్రే బ్లెండింగ్' అని కొడితే బోలెడు వీడియోలు వస్తాయి. కాలిఫోర్నియాలో జాక్ మార్టిన్ అని ఒక కలరిస్ట్ ఉన్నాడు, ఈ పనికి బాగా పేరున్నవాడు. 2020 ఆస్కార్ వేడుకకి నటి జేన్ ఫోండా వెండి రంగు జుట్టుతో వచ్చింది కదా, ఆ జుట్టు ఆయన చేసిందే. ఏడు గంటలు పట్టిందట. చూడ్డానికి ఎంత బావుంటుందో! కానీ ఆమె వయసు అప్పటికి 82. అసలు జుట్టే లేత రంగు. సెలూన్లలో జుట్టు రంగుకి 1 నుంచి 10 దాకా లెవెల్స్ ఉంటాయి. 1 అంటే కారు నలుపు, 10 అంటే బాగా లేత బంగారు రంగు. ఆ వీడియోల్లో కూర్చునే ఆడవాళ్లలో చాలామంది 5, 6, 7 దగ్గర ఉంటారు. వాళ్ల జుట్టుకీ తెలుపుకీ దూరం తక్కువ, నాలుగు లేత పాయలు వేస్తే తెల్లవి కలిసిపోతాయి. మనవాళ్లు మామూలుగా 1, 2, మహా అయితే 3. నలుపు పక్కన తెలుపు. అంతకు మించిన తేడా రంగుల్లో ఇంకోటి లేదు. అందుకని ఆ వీడియో స్క్రీన్‌షాట్ తీసి సెలూన్ వాళ్లకి చూపించి "సేమ్ ఇదే కావాలి" అంటే, మీ జుట్టుకి ఎంత బ్లీచ్ పెట్టాలో ఊహించుకోండి.

బ్లీచ్ లేకుండా హైలైట్స్ రావా? వస్తాయి. ఈ సంగతి మన అమ్మమ్మలకి ఎప్పటినుంచో తెలుసు.

గోరింటాకు పెట్టుకునే పెద్దవాళ్ల జడ ఎండలో ఒకసారి గమనించండి. నల్ల వెంట్రుకలు నల్లగానే ఉంటాయి. గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం నల్ల జుట్టుని లేతగా మార్చలేదు. తెల్లవి మాత్రం ఎర్రగా, రాగి తీగల్లా మెరుస్తుంటాయి. నలుపు మధ్యలో రాగి రంగు పాయలు. ఇదే పని సెలూన్లో చేస్తే 'కాపర్ హైలైట్స్' అని బోర్డు పెడతారు. గోరింటాకు పెట్టుకున్న జుట్టు పెరిగినా నల్ల రంగులాగా గీత గట్టిగా పడదు, ఎందుకంటే నల్లవి ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, తేడా వచ్చేది ఉన్న కొద్దిపాటి తెల్లవాటిలోనే. అమ్మమ్మలు టీ డికాక్షన్ పోసి, ఇనుప మూకుడులో రాత్రంతా నానబెట్టి ఆ ఎరుపుని కాస్త ముదురు చేసేవాళ్లు. ఈ తరానికి నచ్చనిది ఆ నారింజ రంగే. పైగా ఒకసారి పెడితే అది ఓ పట్టాన వదలదు.

దీనికి సెలూన్ వెర్షన్ ఒకటుంది. అడిగేవాళ్లు తక్కువ, అందుకే చెప్పేవాళ్లూ తక్కువ. దాని పేరు డెమీ పర్మనెంట్ కలర్. మామూలు పర్మనెంట్ రంగులాగా ఇది వెంట్రుకలో ఉన్న అసలు నలుపుని పెద్దగా కదిలించదు. తెల్లదాని మీద మాత్రం పలచగా ఎక్కుతుంది. కాబట్టి గోధుమ రంగు షేడ్ తీసుకుని వేస్తే నల్లవి నల్లగా ఉంటాయి, తెల్లవి గోధుమ రంగు పాయలవుతాయి. అంటే మీ తెల్ల వెంట్రుకలే మీ హైలైట్స్. సుమారు 20, 25 తలస్నానాల్లో మెల్లగా వెలిసిపోతుంది, గీత గట్టిగా పడదు. తెల్లవి కొద్దిగా, తల మీద అక్కడక్కడా విడివిడిగా ఉన్నవాళ్లకి నా ఓటు దీనికే. వేలు పోసి బ్లీచ్ చేయించుకునే ముందు ఒకసారి ఇది ప్రయత్నించి చూడండి. సెలూన్‌లో "హైలైట్స్ అయితేనే బావుంటుంది మేడమ్" అంటారు. బిల్లు కూడా అప్పుడే బావుంటుంది మరి.

సరే, నిజంగా హైలైట్స్ కావాల్సింది ఎవరికి? తెల్లవి గుంపుగా ఒకచోట ఉన్నవాళ్లకి, అంటే పాపిడికి రెండు వైపులా, నుదుటి అంచున, చెంపల దగ్గర. లేదా ఇప్పటికే పదింట మూడు నాలుగు తెల్లబడినవాళ్లకి.

మన నల్ల జుట్టుకి బ్లీచ్ పెడితే ఏమవుతుందో ముందే తెలుసుకుంటే సగం కష్టాలు తప్పుతాయి. నలుపు నేరుగా బంగారు రంగులోకి దూకదు. మొదట ముదురు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు, చివరికి అరటిపండు తొక్క లోపలి భాగం లాంటి లేత పసుపు. గోధుమ రంగు, చెస్ట్‌నట్, క్యారమెల్ కావాలంటే ఎరుపు, నారింజ దగ్గర ఆగితే చాలు. ఆపి, పైన టోనర్ అనే పలచని రంగు వేసి ఆ మంటని చల్లారుస్తారు. నారింజకి విరుగుడు నీలం, పసుపుకి విరుగుడు ఊదా. టోనర్లలో ఉండేది ఈ కిటుకే. అదే "తెల్లవాటిలో కలిసిపోవాలి కదా, సిల్వర్ హైలైట్స్ వేయండి" అంటే మాత్రం నల్ల జుట్టుని చివరి మెట్టు దాకా లాగాలి. ఒకే రోజు లాగితే వెంట్రుక కొబ్బరి పీచు అయిపోతుంది. పాతిక తెల్ల వెంట్రుకల కోసం వెయ్యి మంచి వెంట్రుకల్ని అలా చేసుకోవడం... కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. వెండి రంగు జుట్టు సగానికి పైగా నెరిసినవాళ్లకి బావుంటుంది. 20ల్లో ఉన్నవాళ్లకి గోధుమ రంగే సుఖం.

ఎక్కడ వేయాలన్నది రంగు కంటే ముఖ్యం. ఈమధ్య అందరూ 'బాలయాజ్' అడుగుతున్నారు. ఫ్రెంచ్ మాట, ఊడ్చినట్టు పైపైన పూయడం అని అర్థం. చేత్తో బ్రష్ పట్టుకుని పాయల మీద రంగు లాగుతారు. అందంగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. కానీ అది మామూలుగా కుదుళ్ల దగ్గర మొదలవదు, కాస్త కిందినుంచి మొదలై చివర్లకి ముదురుతుంది. మరి మీ తెల్ల వెంట్రుకలు కనబడేది ఎక్కడ? పాపిడి దగ్గర, కుదుళ్లలో. అక్కడ నలుపు అలాగే ఉంటే తెలుపూ అలాగే కనబడుతుంది. "ఇంత ఖర్చుపెట్టినా తెల్లవి తగ్గలేదు" అని వాపోయేవాళ్లలో చాలామంది కథ ఇదే. తెల్లవి కలిసిపోవాలంటే కుదుళ్లకి దగ్గరగా ఫాయిల్స్‌లో దారాలంత సన్నటి పాయలు వేయాలి. వాటినే 'బేబీలైట్స్' అంటారు. పొడవుకి బాలయాజ్, పాపిడి చుట్టూ బేబీలైట్స్ కలిపి చేయించుకోవచ్చు. పాయలు వెడల్పయితే మాత్రం జీబ్రా చారలే. 20 ఏళ్ల కిందటి ఆ ఫ్యాషన్ ఫొటోలు మీ పిన్ని ఆల్బమ్‌లో దొరుకుతాయి, చూడండి.

ఇంకోటి. సెలూన్‌కి రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి. జడ వేసుకునేవాళ్లు జడతో, పోనీ కట్టేవాళ్లు పోనీతో, క్లచర్ పెట్టేవాళ్లు క్లచర్‌తో. విరబోసుకుని కూర్చుంటే స్టైలిస్ట్ ఆ లెక్కనే పాయలు ఎంచుకుంటాడు. రేపు మీరు జుట్టంతా వెనక్కి లాగి కట్టగానే చెంపల దగ్గర దాక్కున్నవన్నీ బయటికొస్తాయి. మధ్య పాపిడి తీస్తారా, పక్క పాపిడా, పాపిట్లో కుంకుమ పెట్టే అలవాటుందా, ఇవన్నీ చెప్పాల్సిన విషయాలే. కుంకుమ ఎరుపు పక్కన ఒక్క తెల్ల వెంట్రుక ఉన్నా నాలుగున్నట్టు కనబడుతుంది.

బాగా ఎక్కువ నెరిసినవాళ్లకి ఇంకో పద్ధతి ఉంది, 'లోలైట్స్'. లేత పాయలు కాకుండా ముదురు పాయలు కలుపుతారు. తెలుపు మధ్యలో నలుపు తిరిగి తెచ్చినట్టు. మీ అమ్మగారు "ఈ రంగు గోల మానేస్తాను" అంటుంటే ఆమెకి చెప్పండి. ఒక్కసారిగా మానేస్తే ఏడాది పాటు సగం తెలుపు, సగం నలుపుతో తిరగాలి. లోలైట్స్, హైలైట్స్ కలిపి వేయిస్తే ఆ ఏడాది గౌరవంగా గడుస్తుంది.

ఇక భయపెట్టాల్సిన భాగం. ఇక్కడ స్క్రోల్ చేసేయకండి.

నడుము దాకా జుట్టున్న అమ్మాయిని తీసుకోండి. 60 సెంటీమీటర్ల జుట్టు అంటే చివర్ల వయసు నాలుగైదేళ్లు. అంటే నాలుగేళ్ల కిందట అక్క పెళ్లికి పెట్టుకున్న 'బ్లాక్ హెన్నా' ఇంకా ఆ చివర్లలోనే ఉంది. మీరు మర్చిపోయినా జుట్టు మర్చిపోదు. హెన్నా, ఇండిగో (నీలి ఆకు పొడి) వేసిన జుట్టు మీద బ్లీచ్ పడితే కొన్నిసార్లు ఆకుపచ్చ రంగు తేలుతుంది. కొన్ని చవకరకం హెన్నా ప్యాకెట్లలో లోహ లవణాలు ఉంటాయి. వాటి మీద బ్లీచ్ పడితే వెంట్రుక వేడెక్కి, పొగలొచ్చి, విరిగిపోవచ్చు. కాబట్టి స్టైలిస్ట్ అడిగినా అడగకపోయినా గత నాలుగైదేళ్లలో ఏమేం పెట్టారో దాచకుండా చెప్పేయండి. దువ్వెనలో వచ్చిన నాలుగు వెంట్రుకలు తీసుకెళ్లి "ముందు వీటి మీద బ్లీచ్ పెట్టి చూపించండి" అనండి. నవ్వితే నవ్వనివ్వండి. అలా చేయం అనే చోట కూర్చోకండి.

రెండోది పీపీడీ, పూర్తి పేరు పారాఫినైలిన్ డయమీన్. నల్ల రంగుల్లో ఎక్కువ వాటిలో ఉండేది ఇదే లేదా దీని చుట్టాలు. కొందరికి ఇది పడదు. చెవుల వెనక దురద, నుదురు ఎర్రబడటం, కళ్లు మూసుకుపోయేలా వాపు. విచిత్రం ఏమిటంటే మొదటిసారే రానక్కర్లేదు. పదేళ్లు హాయిగా వేసుకుని పదకొండో ఏడు పడకపోవచ్చు. శరీరం ఒకసారి దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే ఇక వదలదు. 26 ఏళ్లకే తలంతా నల్ల రంగు మొదలుపెట్టొద్దని నేను పట్టుబట్టే కారణాల్లో ఇదొకటి. ఎన్నిసార్లు తగిలితే అన్నిసార్లు అవకాశం ఇచ్చినట్టే. హైలైట్స్‌లో బ్లీచ్ ఫాయిల్‌లో ఉంటుంది, జాగ్రత్తగా చేస్తే మాడుకి తగలదు. ఆ మేరకు నయం. అలాగని పూర్తి భద్రం అనుకోకండి. పైన వేసే టోనర్‌లో, డెమీ పర్మనెంట్‌లో కూడా ఈ జాతి రసాయనాలు ఉండొచ్చు. బ్లీచ్ పొడిలోని పెర్‌సల్ఫేట్లు ఉబ్బసం ఉన్నవాళ్లని ఇబ్బంది పెట్టొచ్చు.

డబ్బా మీద "అమ్మోనియా లేదు" అని ఉంటే పీపీడీ లేదని కాదు. రెండూ వేరు. "సహజ హెన్నా, నల్లని నలుపు" అని ఉంటే అసలే అనుమానించండి. గోరింటాకు ఎర్రగా పండుతుంది. పది నిమిషాల్లో నల్లగా పండే గోరింటాకు ఏ చెట్టుకీ కాయదు, అందులో ఇంకేదో కలిపారు. ఏ రంగైనా సరే, వేసుకునే 48 గంటల ముందు చెవి వెనక గానీ మోచేతి మడతలో గానీ చుక్క పెట్టి చూసుకోండి. పెళ్లికి రెండు రోజుల ముందు మొదటిసారి రంగు వేసుకునే సాహసం మాత్రం ఎవరూ చేయొద్దు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి చెప్తాను. సంబంధాలు చూస్తున్నప్పుడు తెల్ల వెంట్రుకలు కనబడకూడదనే భయం నిజమైనదే. "మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి" అని ఇంగ్లిష్ వెబ్‌సైట్లు చెప్పినంత తేలిగ్గా మన ఇళ్లలో తేలదు. పెళ్లిచూపుల్లో పెద్దత్తయ్య కళ్లు ఎక్కడెక్కడికి వెళ్తాయో అందరికీ తెలుసు. 'తలపండిన మనిషి' అని గౌరవంగా అనే భాషే మనది, ఆ తల 26 ఏళ్ల పిల్లది అయితే మాత్రం గౌరవం ఎగిరిపోతుంది. కానీ లెక్క చూడండి. తలంతా నల్ల రంగుతో పెళ్లిపీటలెక్కితే, మూడో వారానికి కొత్త ఇంట్లో బాత్రూం గడియ పెట్టుకుని రంగు కలుపుకోవాలి. ఎన్నాళ్లు? నాకు తెలిసి ఈ దాగుడుమూతల్లో గెలిచినవాళ్లు లేరు. హైలైట్స్ ఉన్న అమ్మాయి ఏదీ దాచినట్టు కాదు. జుట్టుకి రంగుంది అని చూడగానే తెలుస్తుంది, ఎవరూ గుచ్చి గుచ్చి వెతకరు. అబ్బాయితో ఒక మాట ముందే చెప్పేస్తే ఇంకా మంచిది. తెల్ల వెంట్రుకలకి జారుకునేవాడు అప్పుడే జారుకుంటాడు.

అబ్బాయిలూ, మీకూ ఉందిగా ఈ గోల. పొట్టి జుట్టుకి హైలైట్స్ వల్ల లాభం తక్కువ, నెలకోసారి కటింగ్‌లో డబ్బులన్నీ నేల మీద పడతాయి. మీకు డెమీ పర్మనెంట్ చాలు. సెలూన్‌లో 'గ్రే కెమో' అని అడిగితే పది నిమిషాల్లో అయిపోతుంది, తెల్లవి పూర్తిగా పోకుండా తగ్గుతాయి. లేదా వదిలేయండి. 2011లో 'మంకాత్తా'లో అజిత్, 2014లో 'లెజెండ్'లో జగపతిబాబు నెరిసిన జుట్టుతో వస్తే జనం విజిల్స్ వేశారు. ఆడవాళ్లకి ఇంత తేలిగ్గా విజిల్స్ పడవు, అది వేరే కాలమ్. ఇందిరా గాంధీ నల్ల జుట్టులో ఆ ఒక్క తెల్ల పాయ ఒక్కటే చెప్పుకోదగ్గ మినహాయింపు. నుదుటి మీద ఒకేచోట తెల్లబడినవాళ్లు దాన్ని అలాగే వదిలేసి చూడొచ్చు. కొందరికి భలే నప్పుతుంది.

రంగు కంటే ముందు ఒక రక్త పరీక్ష. మన దగ్గర 25 లోపే నెరిస్తే దాన్ని బాలనెరుపు కింద లెక్కేస్తారు. చాలామందికి అది వంశం నుంచే వస్తుంది, నాన్నకి ఎప్పుడు నెరిసిందో అడగండి. కొందరికి బి12 తక్కువగా ఉండటం, థైరాయిడ్ తేడాలు కూడా కారణం. సిగరెట్‌కీ దీనికీ సంబంధం ఉంది. బి12 తక్కువైతే జుట్టు సంగతి తర్వాత, నీరసం, తిమ్మిర్లు అసలు సమస్య. శాకాహారులు తప్పకుండా చూపించుకోండి. ఒత్తిడి వల్ల నెరుస్తుందా అంటే, 2020లో హార్వర్డ్ వాళ్లు ఎలుకల్లో అది ఎలా జరుగుతుందో చూపించారు. మరుసటి ఏడాది కొలంబియా యూనివర్సిటీ పరిశోధనలో ఒత్తిడి తగ్గాక కొందరి వెంట్రుకలు కొన్ని మళ్లీ నల్లబడటం గమనించారు. కొన్ని మాత్రమే, ఆశ పెంచుకోకండి. ఒకటి పీకితే పది వస్తాయన్నది మాత్రం ఉత్త మాట. పీకిన చోట అదే తెల్లది మళ్లీ వస్తుంది. పదే పదే పీకితే అదీ రాదు, అక్కడ పలచబడుతుంది.

ఇప్పటికే తలంతా నల్ల రంగు వేసేసినవాళ్లు "మరి మా సంగతేంటి" అంటారు. రంగు మీద రంగు వేస్తే లేతబడదు. నల్ల రంగు మీద గోధుమ రంగు డబ్బా తెచ్చి వేస్తే కుదుళ్లు మాత్రం మారతాయి, కిందంతా నలుపే. ఆ పాత రంగు తీయాలంటే బ్లీచే గతి, అదీ ఒకేసారి కాదు. రెండు మూడు విడతలుగా, మధ్యలో రెండు నెలల చొప్పున విరామంతో పాయలు తీయించుకోండి. ఈలోగా చివర్లు కత్తిరిస్తూ రండి.

చేయించుకున్నాక మన ఊళ్లలో అసలు శత్రువు బోరు నీళ్లు. ఉప్పు నీళ్లతో స్నానం చేస్తే టోనర్ త్వరగా వెలిసి, లోపలి నారింజ బయటికొస్తుంది. చివరి మగ్గులు ఫిల్టర్ నీళ్లు పోసుకోండి. సల్ఫేట్ లేని షాంపూ వాడండి. షాపులో హైలైట్స్‌కి అనగానే ఊదా షాంపూ చేతిలో పెడతారు. అది పసుపు తేలిన జుట్టుకి. మన గోధుమ రంగు పాయల్లో తేలేది నారింజ కాబట్టి నీలం షాంపూ అడగండి, వారానికోసారి చాలు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒక్క టోనర్ వేయించుకుంటే కొత్తగా ఉంటుంది, మళ్లీ బ్లీచ్ అక్కర్లేదు. ఇక నూనె పెట్టొచ్చా అని అడిగేవాళ్లకి: పెట్టొచ్చు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలస్నానంలో ప్రొటీన్ పోకుండా తగ్గిస్తుందని పరిశోధనల్లో కూడా తేలింది. టోనర్ వేసిన మూడు రోజులు ఆగి, ఆ తర్వాత తలస్నానానికి గంట ముందు పట్టించండి.